షిప్పింగ్ చార్జీ ఎంతవరకు న్యాయం? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఆన్‌లైన్‌లో వస్తువులు కొనే పాఠకులూ అమ్మే పాఠకులూ ఈమధ్య మమ్మల్ని తరచుగా అడుగుతున్నది షిప్పింగ్ చార్జీల గురించే. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయించాం. ఉత్తరాలను క్లుప్తం చేసి, రాసినవారి పేర్లనూ అమ్మకందారుల పేర్లనూ తొలగించాం.

ప్రశ్న: జైపూర్‌లోని ఒక అమ్మకందారు దగ్గర 180 రూపాయల జుంకాలు తెప్పించుకున్నాను. షిప్పింగ్ కింద మరో 120 రూపాయలు తీసుకున్నారు. తీరా చూస్తే కవరు మీద అంటించిన స్పీడ్ పోస్టు చీటీలో 55 రూపాయల 46 పైసలే ఉంది. మిగిలిన డబ్బు ఎక్కడికి పోయినట్టు? ఇది మోసం కాదా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చీటీలో ఉన్న అంకె సరైనదే. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన స్పీడ్ పోస్టు ధరల ప్రకారం 50 గ్రాముల లోపు కవరును స్థానికంగా కాక వేరే ఊరికి పంపాలంటే, దూరంతో నిమిత్తం లేకుండా, 47 రూపాయలు అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మీరు చూసిన మొత్తమే వస్తుంది. అయితే అది తపాలా శాఖకు కట్టిన సొమ్ము. జుంకాలు నలగకుండా పెట్టే చిన్న డబ్బా, దాని చుట్టూ బబుల్ ర్యాప్, పై కవరు, టేపు, ఇవన్నీ అమ్మకందారు కొనుక్కోవలసినవే. వాటిని పొందికగా సర్ది, చిరునామా అంటించి, తపాలా కార్యాలయానికి మోసుకెళ్లి వరుసలో నిలబడే మనిషి శ్రమకూ ఖరీదు ఉంటుంది. దారిలో తప్పిపోయిన పార్సిల్‌కు బదులు మళ్లీ ఉచితంగా పంపవలసి వచ్చినప్పుడు ఆ ఖర్చును కొందరు అమ్మకందారులు తలా కొంచెంగా అందరి షిప్పింగ్ మీదా సర్దుతారు. ఇవేవీ అన్యాయమైన ఖర్చులని మేము అనుకోవడం లేదు. తపాలా చీటీ మీది అంకె కంటే ఒక్క రూపాయి ఎక్కువైనా దోపిడీయే అనే వాదనతో కూడా మేము ఏకీభవించలేము.

కానీ జుంకాల వంటి తేలికైన, చిన్న వస్తువుకు ఈ అదనపు ఖర్చులన్నీ ఉదారంగా లెక్కగట్టినా 30, 35 రూపాయలకు మించవని మా అభిప్రాయం. అంటే మీ దగ్గర 90 రూపాయలు తీసుకుని ఉంటే మేము అమ్మకందారు పక్షానే మాట్లాడేవాళ్లం. 120 తీసుకోవడం వల్ల, వస్తువు మీద రావలసిన లాభంలో కొంత భాగం షిప్పింగ్ అనే పేరు కింద దాక్కున్నట్టయింది.

ఇలా ఎందుకు చేస్తారన్నది తెలుసుకోదగిన విషయం. ఈ పద్ధతి మన దగ్గర పుట్టినదేమీ కాదు. ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ నడిపే వేలాల్లో చాలాకాలం పాటు కమిషన్‌ను వస్తువు అమ్ముడుపోయిన ధర మీదనే లెక్కించేవారు కాబట్టి, కొందరు వస్తువుకు నామమాత్రపు ధర పెట్టి షిప్పింగ్‌ను విపరీతంగా పెంచేవారు; కమిషన్ తగ్గేది, వెతికేవారికి ధర చౌకగా కనిపించేది. 2011లో ఆ సంస్థ షిప్పింగ్ సొమ్ము మీద కూడా కమిషన్ లెక్కించడం మొదలుపెట్టిన తరువాత గానీ అందులోని మొదటి లాభం పోలేదు. రెండో లాభం మాత్రం ఎక్కడైనా ఉంటుంది. తంజీమ్ హుస్సేన్, జాన్ మోర్గన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అదే ఈబేలో సంగీతం సీడీలను, వీడియో గేములను స్వయంగా వేలానికి పెట్టి 2006లో తమ ఫలితాలను ప్రచురించారు. కొనేవారు కనీసంగా చెల్లించవలసిన మొత్తం ఒకటే అయినప్పటికీ, ప్రారంభ ధర తగ్గించి షిప్పింగ్ పెంచిన వేలాల్లోనే చాలా సందర్భాల్లో ఎక్కువమంది పాల్గొన్నారు, అమ్మినవారికి ఎక్కువ డబ్బు కూడా వచ్చింది. షిప్పింగ్ మరీ పెద్దదిగా కనిపించినచోట మాత్రం ఆ తేడా నిలవలేదు. మన కన్ను ముందుగా వస్తువు ధర మీద పడుతుంది, షిప్పింగ్‌ను మనసు సగమే లెక్కిస్తుంది. ఈ సంగతి అమ్మేవారికి బాగా తెలుసు.

మోసం అనే మాట విషయానికొస్తే, మీరు డబ్బు చెల్లించక ముందే 120 రూపాయలని స్పష్టంగా చూపించి ఉంటే చట్టం దృష్టిలో అది మోసం కాదు. ప్రైవేటు అమ్మకందారు షిప్పింగ్ కింద ఇంతకు మించి తీసుకోరాదని మన దేశంలో ఏ చట్టమూ గరిష్ఠ పరిమితి విధించలేదు. చట్టం ప్రధానంగా అడుగుతున్నది దాపరికం లేకపోవడాన్ని. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం అమ్మకందారు మొత్తం ధరను ఒకే అంకెగా చూపాలి, దానితోపాటు డెలివరీ, తపాలా, ప్యాకింగ్ వంటి ఖర్చులనూ పన్నునూ విడివిడిగా చూపాలి. కాబట్టి మీరు 180 రూపాయల జుంకాలు కొన్నానని అనుకోకుండా 300 రూపాయల జుంకాలు కొన్నానని అనుకుని, తెనాలిలోని దుకాణంలో అలాంటివి ఎంతకు దొరుకుతాయో పోల్చి చూడండి. ఖరీదు ఎక్కువే అనిపిస్తే, ఆ అమ్మకందారు పేజీలో మీ సమీక్షను ఈ రెండు అంకెలతో సహా, కోపం లేకుండా రాయండి. తరువాత కొనేవారికి అది నిజంగా ఉపయోగపడుతుంది, అమ్మకందారు చార్జీ తగ్గించడానికీ అంతకంటే బలమైన ఒత్తిడి లేదు.

ప్రశ్న: ఒక యాప్‌లో 499 రూపాయల కుర్తీ ఎంచుకున్నాను. చిరునామా, ఫోను నంబరు అన్నీ ఇచ్చి చివరి తెరకు చేరేసరికి డెలివరీ 49, ప్యాకింగ్ 29, ‘పార్సిల్ రక్షణ’ అనే పేరుతో 30 కలిసి 607 అయింది. ఆ రక్షణ అన్నదానికి నేను టిక్కు పెట్టలేదు, ముందే పెట్టి ఉంది. ఇది చెల్లుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఆ మూడు చార్జీలను మూడు రకాలుగా చూడాలి. ‘పార్సిల్ రక్షణ’ చెల్లదు. కొనేవారి సమ్మతిని వారు స్వయంగా, స్పష్టంగా తెలపాలే తప్ప ముందుగా టిక్కు పెట్టిన గళ్ల ద్వారా నమోదు చేయకూడదని 2020 నియమాలు చెబుతున్నాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ జారీ చేసిన ‘డార్క్ ప్యాటర్న్స్’ (కొనేవారిని ఏమార్చే తెరల పద్ధతులు) మార్గదర్శకాల్లో, కొనేవారి అనుమతి లేకుండా బుట్టలోకి అదనపు వస్తువులనో సేవలనో చేర్చడాన్ని నిషిద్ధమైన 13 పద్ధతుల్లో ఒకటిగా పేర్కొన్నారు. పైగా పార్సిల్‌ను మీ చేతికి క్షేమంగా అందించడం అమ్మకందారు బాధ్యత. ఆ బాధ్యతను నెరవేర్చడానికి మీ దగ్గరే మరో 30 రూపాయలు అడగడం మాకు ఎంతమాత్రం సమంజసంగా తోచడం లేదు.

డెలివరీ చార్జీ వసూలు చేయడంలో తప్పు లేదు. ఆర్డరును చేరవేయడానికి అవసరమైన చార్జీలను కొనే సమయంలో వెల్లడిస్తే వాటిని బుట్టలో దొంగచాటుగా చేర్చినట్టు పరిగణించరాదని అవే మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అయితే వెల్లడించిన సమయం కూడా ముఖ్యమే. ధరలోని భాగాలను ముందుగా చూపకుండా ఒక్కొక్క తెరలో ఒక్కొక్కటిగా బయటపెట్టడాన్ని ‘డ్రిప్ ప్రైసింగ్’ పేరుతో అదే జాబితాలో చేర్చారు. మీరు చిరునామా ఇచ్చిన తరువాతే దూరాన్ని బట్టి డెలివరీ లెక్క తేలుతుందని వారు అనవచ్చు, అందులో కొంత నిజముంది. ప్యాకింగ్‌కు ఆ సాకు కూడా లేదు. ఏ ఊరికి పంపినా కుర్తీకి పట్టే సంచి ఒకటే కాబట్టి ఆ 29 రూపాయలను మొదటి తెరలోనే చూపి ఉండవలసింది.

తెరల ఫొటోలు మొదటి నుంచి చివరి వరకు వరుసగా తీసి పెట్టుకోండి. ముందుగా ఆ యాప్ ఫిర్యాదుల అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు తెలపడం, నెల రోజుల్లో పరిష్కరించడం ఆ అధికారి విధి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 30 రూపాయల కోసం ఇంత శ్రమ ఎందుకని మీకు అనిపించవచ్చు. ఆ తెర మీకొక్కరికే కనబడటం లేదు, దాన్ని చూసే ప్రతి ఒక్కరి దగ్గరా అంతే సొమ్ము పోతోంది, అందుకే ఫిర్యాదు చేయమని గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్న: మేము కొండపల్లి బొమ్మలు చేసి ఫోను మీద, సోషల్ మీడియాలో అమ్ముతుంటాం. బొమ్మల కొలువు సమయంలో దూరప్రాంతాల నుంచి ఆర్డర్లు వస్తాయి గానీ, షిప్పింగ్ ఎంతో చెప్పగానే ‘బొమ్మ బరువెంత, మీరు అడిగేదెంత’ అని కోప్పడి వెళ్లిపోతున్నారు. ‘ఫ్రీ షిప్పింగ్’ అని పెట్టి ఆ ఖర్చును ధరలో కలిపేయమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. అలా చేయడం న్యాయమేనా?
— ఒక అమ్మకందారు, కొండపల్లి

జవాబు: మీ ఇబ్బంది నిజమైనది, కొనేవారికి దాన్ని ఎవరూ వివరించి చెప్పకపోవడం వల్లనే ఈ కోపాలు వస్తున్నాయి. తెల్ల పొణికి కర్ర తేలిక. బొమ్మను చేతిలోకి తీసుకున్నవారికి దానిని పంపడానికి వందల రూపాయలు ఎందుకవుతాయో అర్థం కాదు. అయితే కొరియర్ వాహనంలో బొమ్మ బరువు కంటే పెట్టె ఆక్రమించే చోటుకే ఎక్కువ విలువ. అందువల్ల చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 5000తో భాగించి ఒక ‘ఘనపరిమాణ బరువు’ తేలుస్తాయి (కొన్ని సంస్థలు ఇంకో అంకెతో భాగిస్తాయి). అసలు బరువు, ఈ లెక్కల బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే చార్జీ పడుతుంది. దశావతారాల సెట్టు రెండున్నర కిలోలే ఉన్నా, చెయ్యి విరగకుండా, రంగు రాసుకోకుండా 45, 35, 30 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే లెక్కల బరువు 9.45 కిలోలు అవుతుంది. అదే సెట్టును కాస్త ఓపికగా, ఒకదాని సందులో ఒకటి ఇమిడేలా సర్ది 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో పట్టించగలిగితే అది 6 కిలోలకు దిగుతుంది. షిప్పింగ్ తగ్గించడానికి మీ చేతిలో ఉన్న అసలైన మార్గం పెట్టె కొలతలే కనుక, ప్రతి సెట్టుకూ దానికి సరిపోయే అట్టపెట్టెను తయారు చేయించుకోవడం దండగ కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని కొనుగోలుదారులకైతే ఆర్టీసీ కార్గో ద్వారా బస్‌స్టాండు నుంచి బస్‌స్టాండుకు పంపే వీలును కూడా చెప్పి చూడండి. వచ్చి తీసుకెళ్లడానికి ఒప్పుకునేవారు చాలామందే ఉంటారు.

ఇక ‘ఫ్రీ షిప్పింగ్’ సంగతి. ఖర్చును ధరలో కలిపి అమ్మడం చట్టవిరుద్ధం కాదు, పెద్ద సంస్థలు చాలావరకు చేసేది అదే. వేరేవారు తయారు చేసి ప్యాక్ చేసిన వస్తువులను కూడా మీరు అమ్ముతుంటే మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరను మించి అమ్మడానికి వీల్లేదు కాబట్టి, షిప్పింగ్‌ను ఆ ధరలో కలిపి దాన్ని దాటించకూడదు. మీ సొంత బొమ్మల విషయంలో చట్టపరమైన ఆ చిక్కు రాకపోయినా, న్యాయం విషయంలో మాకు కొంత అభ్యంతరం ఉంది. అందరికీ ఒకే ధర పెడితే గువాహటికి పంపే ఖర్చులో కొంత భాగాన్ని గుంటూరువారు మోయాలి. మీ ఇంటికే వచ్చి చేత్తో తీసుకెళ్లే మనిషి కూడా తనకు అక్కరలేని షిప్పింగ్‌కు డబ్బు కట్టినట్టవుతుంది. ఒకేసారి మూడు బొమ్మలు కొన్నవారు, అవన్నీ ఒకే పెట్టెలో వెళ్తున్నా, మూడుసార్లు ఆ భారం మోస్తారు. మూడోదే అన్నింటికంటే అన్యాయమని మా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ అమ్మకందారుకు ఆ ఖర్చే కలగలేదు.

అందుచేత మీకు మా సలహా ఇది. చిన్న బొమ్మలకు, సెట్లకు వేర్వేరుగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మిగిలిన దేశం అనే మూడు తరగతులతో ఒక షిప్పింగ్ పట్టిక తయారు చేసి, బొమ్మ ఫొటోతోపాటే అది కనబడేలా పెట్టండి. పెట్టె కొలతలను, లెక్కల బరువును ఒక్క వాక్యంలో రాయండి. ఒకే పెట్టెలో పట్టినంత వరకు ఎన్ని కొన్నా షిప్పింగ్ ఒక్కటేనని చెప్పండి. కొంత మొత్తం దాటితే షిప్పింగ్ ఉచితమని ప్రకటించడం కూడా మంచిదే, ఆ స్థాయిలో మీ లాభం నుంచే దాన్ని భరించగలరు గనుక. క్యాష్ ఆన్ డెలివరీ అడిగేవారి దగ్గర షిప్పింగ్ వరకైనా ముందుగా తీసుకోవడంలో తప్పులేదు. పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపితే వెళ్లిన ఖర్చూ తిరిగి వచ్చిన ఖర్చూ మీ మీదే పడతాయి. ముందుగా చెప్పకుండా పార్సిల్ కట్టిన తరువాత ‘ఇంకో 150 పంపండి’ అని అడగడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీరు క్రమం తప్పకుండా అమ్ముతున్నారు కాబట్టి, సొంత వెబ్‌సైటు లేకపోయినా, ఖర్చులన్నీ ముందే చెప్పవలసిన బాధ్యత మీ మీదా ఉంది.

ప్రశ్న: చిన్న ప్రచురణకర్తల దగ్గర తెలుగు పుస్తకాలు తెప్పించుకుంటాను. 150 రూపాయల పుస్తకానికి 80 రూపాయల కొరియర్ అంటున్నారు. పూర్వం బుక్ పోస్టులో ఎంతో తక్కువకు వచ్చేవి కదా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ 80 రూపాయల్లో ప్రచురణకర్తకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసిన తరువాత పుస్తకం పంపే చౌక మార్గాలు మరీ తగ్గాయని చాలామంది బాధపడుతున్నారు. అయితే తపాలా శాఖ 2025 మే 1న ‘జ్ఞాన్ పోస్ట్’ అనే సేవను ప్రారంభించింది. విద్యా, సాంఘిక, సాంస్కృతిక, మత సంబంధమైన ముద్రిత పుస్తకాలను 300 గ్రాముల వరకు 20 రూపాయలకు, 5 కిలోల వరకు 100 రూపాయలకు, పన్ను అదనంగా, ఇందులో పంపవచ్చు. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. ప్రకటనలున్నవాటికీ, వాణిజ్య స్వభావం గల ప్రచురణలకూ, పత్రికలకూ ఇది వర్తించదు. రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళ్తుంది గనుక ఆలస్యమవుతుంది గానీ, పార్సిల్ ఎక్కడుందో తెలుసుకునే వీలుంది. ‘తొందర లేదు, జ్ఞాన్ పోస్టులో పంపండి’ అని మీరు ఆర్డరులోనే రాస్తే చాలామంది ప్రచురణకర్తలు సంతోషంగా ఒప్పుకుంటారు, ఎందుకంటే కొరియర్ ఖర్చు చూసి ఆగిపోయే పాఠకుల వల్ల నష్టపోతున్నది వారే.

ప్రశ్న: మిక్సీ జారు పగిలి వచ్చింది. ధర వాపసు ఇచ్చారు గానీ షిప్పింగ్ 149 రూపాయలు ఇవ్వలేదు. పైగా జారును మా ఖర్చుతో తిప్పి పంపమన్నారు.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి గానీ, చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పగిలిన జారును మీ ఇంటికి చేర్చినందుకు చార్జీ ఉంచుకోవడానికి అమ్మకందారుకు నైతికంగా ఏ హక్కూ లేదు, 149 రూపాయలనూ తిప్పి పంపిన ఖర్చునూ కలిపి రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము ఉండదు, రెండేళ్ల గడువు ఉంటుంది. ఇదంతా లోపమున్న వస్తువుల మాట. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో తిప్పి పంపినప్పుడు మన దేశంలో అమ్మకందారు ప్రకటించిన షరతులే వర్తిస్తాయి, అప్పుడు రానుపోను ఖర్చు కొన్నవారే భరించడం అన్యాయమని మేము అనలేము. యూరోపియన్ యూనియన్ దేశాల్లో మాత్రం 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకున్నా మామూలు డెలివరీ చార్జీని వాపసు ఇవ్వాలన్న నిబంధన ఉంది. మన చట్టంలోనూ అలాంటిది రావాలని మేము కోరుకుంటున్నాం.

ప్రశ్న: గుంటూరు నుంచి పచ్చళ్లు తెప్పించుకున్నాం. సరుకు ఖరీదు కంటే షిప్పింగ్ ఎక్కువైంది. అది ముందే తెలుసు కాబట్టి ఒప్పుకున్నాం. కానీ ఇంటికి వచ్చాక కొరియర్‌వాళ్లు సుంకం కూడా కట్టమన్నారు. ఇది అమ్మకందారు చెప్పవలసింది కాదా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తప్పకుండా చెప్పవలసిందే. 800 డాలర్ల లోపు సరుకులకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేశారు. ఆ మార్పు వల్లనే మన తపాలా శాఖ కూడా అమెరికాకు పార్సిళ్లు తీసుకోవడం కొంతకాలం నిలిపివేసి, అక్టోబరు 15న తిరిగి ప్రారంభించింది. విదేశాలకు క్రమం తప్పకుండా పచ్చళ్లు పంపే అమ్మకందారుకు ఈ విషయం తెలియదనుకోవడానికి వీల్లేదు. సుంకం అమెరికా ప్రభుత్వానికి వెళ్లేదే కాబట్టి దాన్ని అమ్మకందారు నుంచి వాపసు కోరలేరు గానీ, దాన్ని ముందుగా చెప్పనందుకు కొంత తగ్గింపు అడగడం న్యాయమే. ఇకమీదట ఆర్డరు ఇచ్చే ముందు రెండు విషయాలు రాతలో తీసుకోండి: చెప్పిన షిప్పింగ్‌లో సుంకం కలిసి ఉందా లేదా, పార్సిల్ బరువును జాడీలతో కలిపి తూచారా లేదా. గాజు జాడీల బరువే చాలావరకు ఖర్చుకు కారణం కనుక, గట్టిగా సీలు చేసిన ప్లాస్టిక్ కవర్లలో పంపమంటే షిప్పింగ్ గణనీయంగా తగ్గుతుంది.